బుక్ ఎప్పుడు నౌన్, ఎప్పుడు వెర్బ్? ఏడో తరగతి పాపకి ఎలా చెప్పాలి?

పటమట అమ్మ:

అందరికీ నమస్కారం. మా పాప ఇక్కడే విజయవాడలో ఏడో తరగతి చదువుతోంది. ఈ వారం ఇంగ్లీషు వర్క్‌షీట్ ఒకటి ఇచ్చారు. కామన్ నౌన్స్ కింద గీత గీయాలి. మొదటి వాక్యం, "ద డ్రైవర్ విల్ బుక్ ఎ రూమ్ నియర్ ద బస్ స్టాండ్". పాప డ్రైవర్, రూమ్, బస్ స్టాండ్‌తో పాటు బుక్ కింద కూడా గీసింది. రెండోది, "మై అంకుల్ గోస్ ఫర్ ఎ వాక్ ఎవ్రీ మార్నింగ్". ఇందులో అంకుల్, మార్నింగ్ కింద గీసి వాక్‌ని వదిలేసింది. రెండు చోట్లా ఇంటూ పడింది. కారణం రాయలేదు.

దాని వాదన ఇదీ: "నౌన్ అంటే మనిషి, చోటు, వస్తువు అని చెప్పారు. బుక్ వస్తువే కదా. వాక్ అంటే నడవడం, అది పని కదా. మరి తప్పెలా అయింది?" బుక్ అక్కడ వెర్బ్ అని నాకు తెలుస్తూనే ఉంది కానీ, దానికి ఒప్పేలా చెప్పే దారి దొరకట్లేదు. డెఫినిషన్ బట్టీ పట్టించడం నాకు ఇష్టం లేదు. ఎవరైనా చెబుతారా?

కొత్తపేట కుర్రాడు, గుంటూరు:

మేడం, పాప డెఫినిషన్‌ని అక్షరాలా పాటించింది. దానిది ఏ తప్పూ లేదు, ఆ డెఫినిషనే చాలదు. హ్యాపీనెస్ వస్తువు కాదు, డిస్కషన్ వస్తువు కాదు, జర్నీ వస్తువు కాదు. అన్నీ నౌన్సే. అర్థాన్ని చూసి వర్గం చెప్పబోతే ప్రతి రెండో వాక్యంలో ఇలాగే దొరికిపోతాం.

బ్రాడీపేట మాస్టారు:

అమ్మా, నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైనవాణ్ణి. పాప అడిగిన ప్రశ్న చాలా మంచిది. దాన్ని అక్కడే వదిలేయకండి.

మాటకి పుట్టుకతో వర్గం ఉండదు. వాక్యంలో ఎక్కడ కూర్చుంది, పక్కన ఎవరున్నారు అన్నదాన్ని బట్టి దాని వర్గం తేలుతుంది. "విల్ బుక్" అన్నప్పుడు బుక్ ముందు విల్ ఉంది. విల్, కెన్, మస్ట్ లాంటివి వచ్చాక ముఖ్యంగా వచ్చే మాట వెర్బే. పైగా "బుక్డ్" అని భూతకాలం చెయ్యొచ్చు. "ఎ వాక్" దగ్గర ముందు ఎ ఉంది. "ఎ లాంగ్ వాక్" అని మధ్యలో విశేషణం పెట్టొచ్చు, "టూ వాక్స్" అని బహువచనం చెయ్యొచ్చు. ఇవన్నీ నౌన్ లక్షణాలు. అదే మాట "ఐ వాక్ టు స్కూల్"లో ఐ తర్వాత కూర్చుని వెర్బ్ అయిపోయింది. మాట మారలేదు, చోటు మారింది.

ఇప్పుడు పాపకి ఇంట్లోనే చూపించగల పద్ధతి ఒకటి చెబుతాను. ఆ వాక్యాన్ని మనం రోజూ మాట్లాడే తెలుగులో చెప్పమనండి, ఇంగ్లీషు మాటని మాత్రం అలాగే ఉంచి. "డ్రైవర్ రూమ్ బుక్ చేస్తాడు." చూశారా, బుక్ పక్కన చేస్తాడు వచ్చి చేరింది. "అంకుల్ రోజూ పొద్దున వాక్‌కి వెళ్తాడు." ఇక్కడ వాక్‌కి 'కి' తగులుకుంది. కి, ని, లో, తో, నుంచి లాంటివి తగిలితే మనం దాన్ని నామవాచకంగా వాడుతున్నట్టే. చేయు, అవు చేర్చుకుంటే ఇంగ్లీషులో అది చాలావరకు వెర్బ్: బుక్ చెయ్యి, కట్ చెయ్యి, డిసైడ్ అయ్యాడు, మిస్ అయ్యింది. బస్సెక్కే ఆటో డ్రైవరైనా, బీసెంట్ రోడ్‌లో బట్టల కొట్టు అబ్బాయైనా ఈ తేడాని తడబడకుండా పాటిస్తాడు. "బస్‌లో వెళ్లా" అంటాడు గానీ "బస్ చేశా" అనడు. పిల్లలకి ఈ వ్యాకరణం ముందే వచ్చు. దాన్ని ఇంగ్లీషు పేజీ దాకా తీసుకెళ్తే చాలు.

వాటర్ మీద కూడా ఆడించండి. "గ్లాస్ ఆఫ్ వాటర్"లో నౌన్, "షీ వాటర్స్ ద ప్లాంట్స్"లో వెర్బ్. హ్యాండ్, ఫేస్, వాచ్, ఆర్డర్, పార్క్, మెయిల్ ఒక్కొక్కదానికి రెండేసి వాక్యాలు రాయమనండి. ఒక ఆదివారం మధ్యాహ్నం సరిపోతుంది.

పటమట అమ్మ:

మాస్టారూ, చాలా థ్యాంక్స్ అండీ. చదివి వినిపించాను. "డ్రైవర్ బుక్‌కి చేస్తాడు అనలేం కదా" అని తనే అంది. వెంటనే ఇంకో ప్రశ్న వేసింది. బస్ స్టాండ్ కామన్ నౌన్ అయితే పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ ఏమవుతుంది? అందులోనూ బస్, స్టేషన్ ఉన్నాయిగా?

డీఎస్సీ దీపిక:

అక్కా, అది ప్రాపర్ నౌన్. మాటలు విడివిడిగా కామన్ అయినా, అన్నీ కలిసి ఒకే ఒక్క చోటుకి పేరయ్యాయి కాబట్టి మొత్తం ప్రాపర్. మన ఊళ్లోనే బోలెడు ఉదాహరణలు. లంక అంటే నది మధ్యలోనో ఒడ్డునో ఏర్పడిన నేల, ఏ నదికైనా ఉండొచ్చు. కృష్ణలంక మాత్రం ఒక్కటే. టౌన్ కామన్, వన్‌టౌన్ మన పాత పేటకి పేరు. రోడ్ కామన్, ఏలూరు రోడ్ ప్రాపర్. ఇంగ్లీషులో రాసేటప్పుడు పేరులో భాగమైన రోడ్‌కి కూడా పెద్ద అక్షరం పెట్టాలి. "ద రోడ్ ఈజ్ వెట్"లో చిన్న అక్షరమే.

మన పిల్లలకి ఇక్కడ ఇబ్బంది ఎందుకొస్తుందంటే తెలుగు లిపిలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అన్న తేడానే లేదు. మిగతా భాషలో పొరపాటు లేకపోయినా ఇక్కడ మార్కులు పోతాయి. వారాలు, నెలలు, భాషల పేర్లకి పెద్ద అక్షరం ఉంటుంది. సమ్మర్, వింటర్ లాంటి రుతువులకి ఉండదు. "మై మదర్"లో మదర్‌కి చిన్న అక్షరం. అమ్మని పేరు పెట్టి పిలిచినట్టు "ఐ ఆస్క్‌డ్ మదర్" అంటే పెద్ద అక్షరం.

ఇంకోటి. క్లాసులో ముగ్గురు సాయిలు ఉంటే "త్రీ సాయిస్ ఇన్ అవర్ క్లాస్" అంటాం. లెక్కపెట్టి, బహువచనం చేసి వాడాం కాబట్టి అక్కడ సాయి కామన్ నౌన్‌లా నడుచుకుంటోంది. పెద్ద అక్షరం మాత్రం పోదు.

ఫిజిక్స్ ట్యూటర్, సత్యనారాయణపురం:

ఈ పెద్ద అక్షరం విషయంలో మా సబ్జెక్ట్ నుంచి ఒక మాట. న్యూటన్ మనిషి పేరైతే ప్రాపర్ నౌన్, పెద్ద అక్షరం. అదే బలానికి ప్రమాణం అయితే కామన్ నౌన్. "టెన్ న్యూటన్స్" అని లెక్కపెడతాం, పూర్తి పేరు రాసినప్పుడు చిన్న అక్షరమే వాడాలి. వాట్, జౌల్, పాస్కల్, ఆంపియర్, కెల్విన్ అన్నీ అంతే. గుర్తు రాసేటప్పుడు మాత్రం పెద్ద అక్షరం. డిగ్రీ సెల్సియస్ ఒక్కటే వేరు. అందులో సెల్సియస్‌కి పెద్ద అక్షరం ఉంచుతారు. ఇంటర్ పిల్లలు రికార్డులో ప్రతి యూనిట్‌కీ పెద్ద అక్షరం పెడుతుంటారు. ఇది ఇంగ్లీషు టీచరూ చెప్పరు, ఫిజిక్స్ లెక్చరరూ చెప్పరు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

పేర్లు ఇలా మామూలు మాటలైపోవడం మనకి కొత్త కాదు. జెరాక్స్ కంపెనీ పేరు, ఇప్పటికీ ట్రేడ్‌మార్కే. కానీ మనం ఏ మెషిన్ మీద తీయించినా జెరాక్సే. ఎస్కలేటర్ ఓటిస్ కంపెనీ ట్రేడ్‌మార్క్‌గా ఉండేది. 1950లో అమెరికాలో ఆ హక్కు పోయి అందరి మాట అయింది.

మిర్చి ఆఫీసు, గుంటూరు:

నేను మిర్చి ఎగుమతి ఆఫీసులో పని చేస్తాను. బయటి దేశాల కొనుగోలుదారులకి రోజూ మెయిల్స్ రాయాలి. నౌన్, వెర్బ్ తేడా పర్వాలేదు. నాకు టెన్షన్ అంతా ఎ, ద, చివర ఎస్ దగ్గరే. మెయిల్ ఇలా రాస్తాను: "వుయ్ హావ్ రిసీవ్డ్ యువర్ ఇన్ఫర్మేషన్స్. స్టాక్ ఆర్ రెడీ. కంటైనర్ విల్ లీవ్ ఆన్ మండే." మా సార్ ప్రతిదీ దిద్దుతారు. రూల్ అడిగితే "అలా అనకూడదు అంతే" అంటారు. కామన్ నౌన్స్ గురించి మాట్లాడుతున్నారు కాబట్టి అడుగుతున్నా, దీనికి ఏదైనా లెక్క ఉందా?

బ్రాడీపేట మాస్టారు:

ఉంది బాబూ. నన్నడిగితే కామన్ నౌన్ అన్న పాఠం నేర్పాల్సిందే దీని కోసం. స్కూళ్లలో కామన్, ప్రాపర్, కలెక్టివ్, మెటీరియల్, ఆబ్‌స్ట్రాక్ట్ అని రకాలు బట్టీ పట్టించి వదిలేస్తారు. పెద్దయ్యాక ఉద్యోగంలో పనికొచ్చేది వేరే విభజన: లెక్కపెట్టదగినవి, లెక్కపెట్టలేనివి.

లెక్కపెట్టదగిన కామన్ నౌన్ ఏకవచనంలో ఉంటే ఇంగ్లీషులో ఒంటరిగా నిలబడదు. ముందు ఎ, ఆన్, ద, మై, దిస్, ఎవ్రీ, వన్ లాంటిది ఏదో ఒకటి ఉండి తీరాలి. తెలుగులో ఆర్టికల్స్ లేవు. "కారు కొన్నాను" అంటే మనకి పూర్తి వాక్యం. అందుకే "ఐ బాట్ కార్" అని వచ్చేస్తుంది. నీ మెయిల్‌లో "కంటైనర్ విల్ లీవ్" తప్పు. అవతలి వాళ్లకి ఏ కంటైనరో తెలిస్తే "ద కంటైనర్", మొదటిసారి చెబుతుంటే "ఎ కంటైనర్".

ఇన్ఫర్మేషన్, లగేజ్, ఫర్నిచర్, ఎక్విప్‌మెంట్, ట్రాఫిక్, వర్క్ లెక్కపెట్టలేనివి. వీటికి ఎ రాదు, చివర ఎస్ రాదు. స్టాక్‌ని నువ్వు సరుకు అన్న అర్థంలో వాడావు కాబట్టి "ద స్టాక్ ఈజ్ రెడీ". గూడ్స్ మాత్రం ఎప్పుడూ బహువచనమే, "ద గూడ్స్ హావ్ బీన్ డిస్పాచ్డ్". కాయలుగా పంపేటప్పుడు "డ్రైడ్ చిల్లీస్" అని బహువచనం, కారం అయితే "చిల్లీ పౌడర్" అని ఏకవచనం. తేజ, సన్నం రకాల పేర్లు కాబట్టి పెద్ద అక్షరం.

అడ్వైస్ దగ్గర నీ పనిలో చిక్కు ఉంది. సలహా అనే అర్థంలో "అడ్వైసెస్" తప్పు. తెలుగులో సలహాలు ఇస్తాం, ఇంగ్లీషులో "సమ్ అడ్వైస్". కానీ బ్యాంకు నుంచి వచ్చే "పేమెంట్ అడ్వైస్" ఒక కాగితం, లెక్కపెట్టొచ్చు. "టూ పేమెంట్ అడ్వైసెస్" సరైనదే.

ఏది లెక్కకి వస్తుంది అన్నది ప్రపంచాన్ని చూసి తేల్చలేం, ఒక్కో భాష ఒక్కో తీర్పు ఇస్తుంది. మనం "నీళ్లు వచ్చాయి", "పాలు పొంగాయి" అని బహువచనంలో అంటాం. ఇంగ్లీషుకి వాటర్, మిల్క్ ఏకవచనం. "వార్తలు వస్తున్నాయి" మనకి బహువచనం, "ద న్యూస్ ఈజ్ ఆన్" వాళ్లకి ఏకవచనం. కాబట్టి తెలుగు చెవిని ఇక్కడ నమ్మకూడదు. కొత్త నౌన్ నేర్చుకున్న ప్రతిసారీ అది లెక్కకి వస్తుందో రాదో కూడా కలిపి నేర్చుకోవాలి. మంచి డిక్షనరీలో ఆ గుర్తు ఉంటుంది.

కొత్తపేట కుర్రాడు, గుంటూరు:

మాస్టారూ, "గో టు స్కూల్", "బై బస్" సంగతి? అక్కడ ఒంటరిగానే ఉన్నాయిగా.

బ్రాడీపేట మాస్టారు:

అవి స్థిరపడిపోయిన వాడుకలు. అక్కడ మాట ఒక ప్రత్యేకమైన బస్సుని కాదు, ప్రయాణించే విధానాన్ని చెబుతోంది. "మై డాటర్ గోస్ టు స్కూల్" అంటే చదువుకోవడానికి. అమ్మ ఫీజు కట్టడానికి వెళ్తే "ఐ వెంట్ టు ద స్కూల్". ఆన్ ఫుట్, ఎట్ నైట్, ఇన్ బెడ్ ఇలాంటివే. పెద్ద జాబితా కాదు, వాడుతుంటే పట్టుబడుతుంది.

వన్‌టౌన్ వ్యాపారి:

అందరికీ దండాలు. ఒక సందేహం, ఎవరినీ నొప్పించాలని కాదు. ఇంత గ్రామర్ అవసరమా? మా అబ్బాయికి స్పోకెన్ ఇంగ్లీషులో చేర్పిస్తే వాళ్లు "గ్రామర్ వదిలెయ్యండి, ధైర్యంగా మాట్లాడండి" అన్నారు. వాడు మాట్లాడుతున్నాడు కూడా.

డీఎస్సీ దీపిక:

అంకుల్, ధైర్యంగా మాట్లాడటం మంచిదే. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్లు సర్దుకుంటారు. రాతలో సర్దుకోరు, ఇంటర్వ్యూలో కూడా అంతంతమాత్రమే. ఒక్క విషయం చెబుతాను, వర్గాలు తెలిస్తే ఎంత తేడానో చూడండి.

తెలుగులో 'గా' ఉందే, అది మనల్ని బాగా ఇబ్బంది పెడుతుంది. "వేగంగా పరిగెత్తాడు" అంటాం, 'గా'కి బదులు ఇంగ్లీషులో లై పెట్టేస్తాం. "ఫాస్ట్‌లీ" అని మాట పుడుతుంది. అది ఇంగ్లీషులో లేదు. ఫాస్ట్ ఒక్కటే ఆడ్జెక్టివ్‌గానూ ఆడ్వెర్బ్‌గానూ పని చేస్తుంది. ఇంకా ప్రమాదం హార్డ్ దగ్గర. కష్టపడి చదివాడని చెప్పబోయి "హీ స్టడీడ్ హార్డ్‌లీ" అన్నారనుకోండి. హార్డ్‌లీ అంటే దాదాపు లేనట్టే. వాడి కష్టమంతా ఆ ఒక్క మాటతో పోయింది. రెండో వైపు చూడండి, "అందంగా ఉంది"లో కూడా 'గా' ఉంది. కానీ ఇంగ్లీషులో "షీ లుక్స్ బ్యూటిఫుల్", అక్కడ ఆడ్జెక్టివ్ కావాలి, లై పెడితే తప్పు. ఫ్రెండ్లీ, లవ్లీ చివర లై ఉన్నా ఆడ్జెక్టివ్‌లే.

"లెట్ అస్ డిస్కస్ అబౌట్ ఇట్" కూడా ఈ కోవదే. డిస్కస్ వెర్బ్, నేరుగా కర్మ తీసుకుంటుంది, అబౌట్ అక్కర్లేదు. డిస్కషన్ నౌన్, దానికి అబౌట్ పెట్టొచ్చు. "గో టు హోమ్" అనకూడదు, ఎందుకంటే అక్కడ హోమ్ ఆడ్వెర్బ్. "గో హోమ్" చాలు. మీ అబ్బాయి ధైర్యానికి ఇది అడ్డు రాదు, ధైర్యం నిలబడేలా చేస్తుంది.

వన్‌టౌన్ వ్యాపారి:

అమ్మాయ్, హార్డ్‌లీ సంగతి వాడికి ఇప్పుడే చూపించాను. బాగా చెప్పావు తల్లీ.

తెలుగు పండితుడు, అరండల్‌పేట:

చర్చ బాగుంది. ఎనిమిది పార్ట్స్ ఆఫ్ స్పీచ్ ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్పాలనిపించింది. అవి ఇంగ్లీషువాళ్లు కనిపెట్టినవి కావు. డయొనీసియస్ థ్రాక్స్ పేరు మీద వచ్చిన గ్రీకు వ్యాకరణంలో ఎనిమిది ఉన్నాయి, అందులో ఆర్టికల్ ఒకటి. లాటిన్‌కి ఆర్టికల్ లేదు. కాబట్టి దాన్ని తీసేసి, ఆశ్చర్యార్థకాలని వేరు చేసి మళ్లీ ఎనిమిది చేశారు. వాళ్లకి విశేషణం నామంలోనే భాగం, అది విడిపోయింది తర్వాతే. మనం తెలుగులో నామవాచకం, సర్వనామం, విశేషణం, క్రియ, అవ్యయం అని అయిదు చెబుతాం. పూర్వపు సంస్కృత పండితుడు యాస్కుడు నామం, ఆఖ్యాతం (అంటే క్రియ), ఉపసర్గ (క్రియ ముందు చేరే ప్ర, పరా లాంటివి), నిపాతం (చ, వా లాంటి చిన్న మాటలు) అని నాలుగే చెప్పాడు. భాషని బట్టి, చూసేవాళ్లని బట్టి సంఖ్య మారుతుంది.

సంస్కృత వ్యాకరణానికి మహాభాష్యం రాసిన పతంజలి శబ్దాలని నాలుగుగా విడగొట్టిన తీరు ఈ తల్లి అడిగినదానికి చాలా దగ్గర. జాతిశబ్దం, గుణశబ్దం, క్రియాశబ్దం, యదృచ్ఛాశబ్దం. ఉదాహరణలు గౌః, శుక్లః, చలః, డిత్థః. ఆవు అన్న మాట ఆ జాతికంతటికీ చెల్లుతుంది, అదే కామన్ నౌన్. తెల్లనిది గుణం, కదిలేది క్రియ. డిత్థుడు ఎవరో ఒకరికి ఇష్టం వచ్చినట్టు పెట్టిన పేరు, ప్రాపర్ నౌన్. పిల్లలకి మన వాళ్ల ఆలోచన కూడా చెబితే వ్యాకరణం పరాయి సరుకు అనిపించదు.

డీఎస్సీ దీపిక:

నమస్కారం గురువుగారూ, ఇది నోట్ చేసుకున్నాను. మీరు సంఖ్య మారుతుందన్నారు కాబట్టి నా గొడవ కూడా అడుగుతాను. ప్రాక్టీస్ పేపర్లలో "మై బుక్"లో మై ఏమిటి అని వస్తుంది. ఒక కీలో ప్రొనౌన్, ఇంకో కీలో ఆడ్జెక్టివ్. కొత్త పుస్తకాల్లో డిటర్మినర్ అంటున్నారు. ఏది పెట్టాలి?

బ్రాడీపేట మాస్టారు:

భాష పరంగా డిటర్మినరే సరైన సమాధానం. మై నిజంగా ఆడ్జెక్టివ్ అయితే "ద టాల్ బాయ్" అన్నట్టు "ద మై బాయ్" అనగలగాలి. అనలేం. ఎందుకంటే ఎ, ద కూర్చునే చోట్లోనే మై కూర్చుంది, ఆ చోట్లో ఇద్దరికి స్థానం లేదు. "వెరీ మై" అనీ అనలేం. పరీక్షలో మాత్రం ఆప్షన్స్‌లో డిటర్మినర్ ఉంటే అదే పెట్టు. లేకపోతే పొసెసివ్ ఆడ్జెక్టివ్. మైన్ అయితే ప్రొనౌన్, అది నౌన్ లేకుండా ఒంటరిగా నిలబడుతుంది: "దిస్ బుక్ ఈజ్ మైన్".

మిర్చి ఆఫీసు, గుంటూరు:

మాస్టారూ, మెయిల్ మార్చి రాశాను, చూడండి. "థాంక్ యూ ఫర్ ద ఇన్ఫర్మేషన్. ద స్టాక్ ఈజ్ రెడీ. ద కంటైనర్ విల్ లీవ్ ఆన్ మండే. ఎ కాపీ ఆఫ్ ద ఇన్‌వాయిస్ ఈజ్ అటాచ్డ్."

బ్రాడీపేట మాస్టారు:

ఒక్క దిద్దుబాటూ లేదు. పంపించు.

పటమట అమ్మ:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. పాప ఇప్పుడు పాత వర్క్‌షీట్లు కూడా తీసి చూస్తోంది. ఇంకొక్కటి అడగమంటోంది: బిఫోర్ ఏ వర్గం? ఒక చోట ప్రిపొజిషన్ అని ఉంది, ఇంకో చోట కంజంక్షన్ అని ఉందట.

డీఎస్సీ దీపిక:

అక్కా, వెనకాల ఏముందో చూడమనండి. "బిఫోర్ లంచ్" అంటే తర్వాత నౌన్ ఉంది, ప్రిపొజిషన్. "బిఫోర్ హీ కేమ్" అంటే తర్వాత కర్త, వెర్బ్‌తో పూర్తి వాక్యం ఉంది, కంజంక్షన్. "ఐ హావ్ సీన్ హర్ బిఫోర్" అంటే తర్వాత ఏమీ లేదు, ఆడ్వెర్బ్. ఆఫ్టర్, సిన్స్ కూడా ఇలాగే మూడు పనులూ చేస్తాయి. వాటికి మూడేసి వాక్యాలు పాపనే రాయమని ఇక్కడ పెట్టండి, చూస్తాం.